భేదాలను గురించిన సంభాషణ: నాయకుల బాధ్యత, నిజాయితీ మూల్యం

సంస్థల నిర్వహణ మీద గత మూడు దశాబ్దాలుగా వెలువడుతున్న రచనల్లో ఒక సలహా ఏదో ఒక రూపంలో తరచుగా కనిపిస్తుంది. పనిచేసేవారికి, చదువుకునేవారికి ఆ సంస్థ తమదన్న భావం కలగాలన్నా, తామెవరో దాచుకోనక్కర లేకుండా అక్కడ మసలగలగాలన్నా, కులం, మతం, భాష, ప్రాంతం, లింగం, వైకల్యం వంటి భేదాలను గురించి నాయకత్వ స్థానంలో ఉన్నవారు దాపరికం లేకుండా మాట్లాడాలి, ఇతరులను మాట్లాడనివ్వాలి అన్నది ఆ సలహా. వినడానికి ఇందులో కాదనవలసినదేమీ లేదు. అయితే దీని వెనుక ఉన్న పరిశోధనను వరుసగా చదివితే, అటువంటి సంభాషణ కొన్నిచోట్ల మనుషులను నిజంగానే దగ్గర చేసిందనీ, కొన్నిచోట్ల ఏ మార్పూ తేలేదనీ, మరికొన్నిచోట్ల అప్పటికే బలహీనంగా ఉన్నవారిని మరింత ఒంటరివారిని చేసిందనీ తెలుస్తుంది. ఈ తేడా ఎక్కడ వస్తున్నదన్నదే ఈ సమీక్షకు ప్రధాన ప్రశ్న. భేదాన్ని గురించి నిజం చెప్పడానికి ఎప్పుడూ ఒక మూల్యం ఉంటుందనీ, దాన్ని చెల్లించేది అధికారం ఉన్నవారా, లేనివారా అన్నదాన్ని బట్టే ఫలితం మారుతుందనీ ఈ వ్యాసం వాదిస్తుంది.

ఒక సమూహానికి చెందాలన్న కోరిక ఆకలిదప్పుల వంటి మౌలికమైన అవసరమని రాయ్ బౌమైస్టర్, మార్క్ లియరీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1995లో రాసిన విస్తృత వ్యాసంలో వాదించారు. అంతకు నాలుగేళ్ళ ముందు, 1991లో, మెరిలిన్ బ్రూవర్ ఇదే విషయాన్ని మరోవైపు నుంచి చూసి, మనిషికి నలుగురిలో కలిసిపోవాలని ఎంత ఉంటుందో, నలుగురిలో తాను తానుగా కనబడాలని కూడా అంతే ఉంటుందనీ, ఈ రెండింటికీ సమతూకం కుదిరిన సమూహంలోనే అతడు నిలకడగా ఉండగలడనీ చెప్పారు. లిన్ షోర్, ఆమె సహచరులు 2011లో ఈ రెండు ఆలోచనలనూ కలిపి సంస్థలకు అన్వయించారు. మనిషిని లోపలికి రానిచ్చి, అతని ప్రత్యేకతను మాత్రం గుమ్మం బయటే వదిలేసి రమ్మంటే అది కలుపుకోవడం కాదు, లొంగదీసుకోవడం. ప్రత్యేకతను వాడుకుంటూ మనిషిని మాత్రం బయటివాడిగానే ఉంచితే అది పని చేయించుకోవడమే తప్ప చేర్చుకోవడం కాదు. రెండూ కలిసి దక్కినప్పుడే ఒక సంస్థ మనిషిని పూర్తిగా చేర్చుకున్నట్లు అని వారి విశ్లేషణ తేలుస్తుంది. ఈ వర్గీకరణ తరువాతి రచనలకు చాలావరకు పునాది అయింది.

లోపలికి వచ్చినవారు గుమ్మం బయట ఏమి వదిలేసి వస్తారన్న దాన్ని ముందుగా సమాజశాస్త్రం పట్టించుకుంది. సమాజం చిన్నచూపు చూసే గుర్తు ఉన్నవారు, ఆ గుర్తు అందరికీ తెలిసినదే అయినా, అది ఎదుటివారి కంటికి కొట్టొచ్చినట్లు కనబడకుండా జాగ్రత్తపడతారని ఎర్వింగ్ గాఫ్‌మన్ 1963లో వివరించారు. న్యాయశాస్త్ర ఆచార్యుడు కెంజీ యోషినో 2006లో ఈ ప్రవర్తనకే ఒక పుస్తకాన్ని కేటాయించి, ఇది నాలుగు విధాలుగా సాగుతుందన్నారు. వేషభాషలను మార్చుకోవడం, తమ సమూహానికి సంబంధించిన అలవాట్లను కనబడనివ్వకపోవడం, ఆ సమూహం తరఫున నోరు విప్పకపోవడం, ఆ సమూహం వారితో కలిసి కనిపించకుండా ఉండటం ఆ నాలుగు. 2013లో ఆయన క్రిస్టీ స్మిత్‌తో కలిసి డెలాయిట్ సంస్థ కోసం అమెరికాలో జరిపిన సర్వేలో, జవాబిచ్చినవారిలో 61 శాతం మంది ఇటువంటి కప్పిపుచ్చుకోవడం ఏదో ఒక రూపంలో తమకు ఉందని చెప్పారు. ఆ సర్వేలో గమనించదగ్గ విషయం మరొకటి ఉంది. ఏ వివక్షకూ గురికారని అందరూ అనుకునే శ్వేతజాతి పురుషుల్లో కూడా దాదాపు సగం మంది తమ వయసునో, అనారోగ్యాన్నో, పేద కుటుంబ నేపథ్యాన్నో దాచుకుంటున్నామన్నారు. నాయకులు తమ గురించి తాము మాట్లాడటంతో సంభాషణ మొదలవ్వాలన్న వాదానికి ఈ అంకె ఒక ఆధారమైంది.

భారతదేశంలో దాచుకునే వాటిలో మొదటిది కులం. దాన్ని దాచుకోవడం ఎంత కష్టమో చూపిన అధ్యయనాలు రెండు 2007లో ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వెలువడ్డాయి. సుఖదేవ్ థోరట్, పాల్ ఆటివెల్ ఒకే రకమైన అర్హతలు గల దరఖాస్తులను అగ్రకుల హిందూ, దళిత, ముస్లిం పేర్లతో తయారుచేసి, పత్రికల్లో ప్రైవేటు సంస్థలు ఇచ్చిన 548 ఉద్యోగ ప్రకటనలకు 66 వారాల పాటు మొత్తం 4,808 దరఖాస్తులు పంపించారు. తదుపరి దశకు పిలుపు వచ్చే సంభావ్యత దళిత పేరుకు అగ్రకుల పేరుతో పోలిస్తే మూడింట రెండు వంతులు, ముస్లిం పేరుకు మూడో వంతు మాత్రమేనని తేలింది. దరఖాస్తులో మారింది పేరొక్కటే. సురీందర్ జోధ్కా, క్యాథరిన్ న్యూమన్ పెద్ద కంపెనీల్లో ఉద్యోగ నియామకాలు చూసే 25 మంది అధికారులతో మాట్లాడినప్పుడు, తాము ప్రతిభను తప్ప మరి దేన్నీ చూడమని చెప్పినవారే అభ్యర్థి కుటుంబ నేపథ్యాన్ని గురించి ఇంటర్వ్యూలో తప్పకుండా అడుగుతామని కూడా చెప్పారు. తండ్రి ఏం చేస్తారు, అన్నదమ్ములు ఎక్కడ స్థిరపడ్డారు, ఇంట్లో ఎవరెవరు చదువుకున్నారు అన్న ప్రశ్నలు అడిగేవారికి మర్యాదపూర్వకమైన పలకరింపుల్లాగానే తోస్తాయి. తన ఇంట్లో మొదటిసారి డిగ్రీ దాకా వచ్చిన అభ్యర్థికి మాత్రం వాటిలో ప్రతి ఒక్కటీ ఒక పరీక్షే.

తెలుగువారి కార్యాలయాల్లో, కళాశాలల్లో ఈ పరీక్ష మరింత సూక్ష్మంగా సాగుతుంది. పేరు చివర రెడ్డి, చౌదరి, శర్మ వంటి తోక లేని కొత్త ఉద్యోగిని మధ్యాహ్న భోజనాల వేళ పక్కన కూర్చున్నవారు మొదట ఏ ఊరని అడుగుతారు, తరువాత ఆ ఊళ్ళో ఏ వైపు ఇల్లని, ఆ పైన ఇంటిపేరేమిటని అడుగుతారు, అప్పటికీ తేలకపోతే, కాస్త చనువు ఏర్పడిన తరువాత, ‘మీరేమోళ్ళు?’ అని నేరుగానే అడిగేస్తారు. ఇంజనీరింగ్ కళాశాల హాస్టల్‌లో అదే పనిని ప్రవేశ పరీక్షలో వచ్చిన ర్యాంకు గురించిన ప్రశ్న చేస్తుంది. అద్దె ఇంటి వేటలో శాకాహారులకు మాత్రమే అన్న టులెట్ బోర్డు చేస్తుంది. ఇక్కడ కులం గురించి ఎవరూ మాట్లాడటం లేదనుకోవడం పొరపాటు. కావలసినంతగా మాట్లాడుతూనే ఉన్నారు, కాకపోతే ఆ మాటల్లో అడిగేది ఎప్పుడూ ఒకరే, జవాబు చెప్పవలసింది ఎప్పుడూ మరొకరే. నిజాయితీతో కూడిన సంభాషణ కావాలని నాయకులు పిలుపునిచ్చేటప్పుడు, అప్పటికే సాగుతున్న ఈ ఏకపక్ష సంభాషణకు తాము మరొక అధ్యాయం చేర్చడం లేదని నిర్ధారించుకోవలసి ఉంటుంది.

భాష విషయంలోనూ ఇంతే. తెలంగాణ, ఉత్తరాంధ్ర, రాయలసీమ మాండలికాలను చాలాకాలం పాటు తెలుగు సినిమా హాస్యానికో, ప్రతినాయకుడికో కేటాయించి, కోస్తా జిల్లాల చదువుకున్నవారి మాటను మాత్రమే ప్రమాణంగా నిలబెట్టడం వల్ల, ఇంట్లో ఒక యాస, ఆఫీసులో మరొక యాస మాట్లాడటం ఒక తరం ఉద్యోగులకు రెండో స్వభావమైపోయింది. కవి కాళోజీ నారాయణరావు పుట్టినరోజైన సెప్టెంబరు 9ని తెలంగాణ రాష్ట్రం తన భాషా దినోత్సవంగా జరుపుకోవడం ఈ గాయానికి ప్రభుత్వం ఇచ్చిన గుర్తింపు.

ఇటువంటి భేదాల మధ్య మనుషులను దగ్గర చేయడం ఎలాగన్న ప్రశ్నకు చాలామంది గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లో ప్రతిపాదించిన పరిచయ సిద్ధాంతంతో జవాబు మొదలుపెడతారు. భిన్న సమూహాల వారు కలిసి మెలిసి తిరిగితే దురభిప్రాయాలు తగ్గుతాయి, అయితే అందుకు నాలుగు షరతులు తోడవ్వాలి అన్నది ఆయన మాట. ఆ సందర్భంలో ఇరువర్గాలకూ సమాన హోదా ఉండాలి, ఇద్దరికీ ఒకే లక్ష్యం ఉండాలి, దానికోసం పోటీపడకుండా సహకరించుకోవాలి, పైఅధికారం లేదా చట్టం దీనికి బాహాటంగా అండగా నిలవాలి. థామస్ పెటిగ్రూ, లిండా ట్రాప్ 2006లో 515 అధ్యయనాలను కలిపి పరిశీలించి, పరిచయం పెరిగినకొద్దీ దురభిప్రాయం తగ్గే ధోరణి దాదాపు అన్నిచోట్లా ఉందనీ, నాలుగు షరతులు నెరవేరినచోట అది మరింత బలంగా ఉందనీ చూపారు. పుష్కరం గడిచాక ఎలిజబెత్ లెవీ పలక్, ఆమె సహచరులు ఇదే సిద్ధాంతాన్ని గట్టి ప్రయోగాలతో మాత్రమే తూచినప్పుడు చిత్రం కొంత పలచబడింది. లాటరీ పద్ధతిన కొందరిని ఎంపిక చేసి, కొంతకాలం తరువాత ఫలితాన్ని కొలిచిన ప్రయోగాలు వారికి 27 మాత్రమే దొరికాయి. జాతి సంబంధమైన దురభిప్రాయాల మీద ప్రభావం తక్కినవాటి కంటే బలహీనంగా కనిపించింది. పాతికేళ్ళు దాటిన వయోజనుల జాతి దురభిప్రాయాలను ఈ విధంగా పరీక్షించిన ప్రయోగం ఒక్కటి కూడా లేకపోయింది. ఆఫీసుల్లో పనిచేసేవారిలో అత్యధికులు ఆ వయసు వారేనన్నది గుర్తుంచుకుంటే, శిక్షణ సంస్థలు చేసే వాగ్దానాలకు, వాటి వెనుక ఉన్న రుజువుకు మధ్య ఎంత దూరం ఉందో తెలుస్తుంది.

ఈ రంగంలో భారతదేశం నుంచి వచ్చిన రెండు ప్రయోగాలకు తగినంత ప్రాచుర్యం రాకపోవడం విచారకరం. మాథ్యూ లోవ్ ఉత్తరప్రదేశ్‌లో వివిధ కులాలకు చెందిన 1,261 మంది యువకులను తీసుకుని, కొందరిని నెల రోజుల పాటు సాగే క్రికెట్ లీగుల్లో ఆడించి, తక్కినవారిని పోలిక కోసం బయట ఉంచారు. ఆడినవారిలో కొందరికి ఒకే కులం వారి జట్టు, మరికొందరికి వివిధ కులాలు కలిసిన జట్టు లాటరీలో దక్కింది. ఎవరెవరితో తలపడాలన్నదీ అలాగే నిర్ణయమైంది. 2021లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం, ఇతర కులాల వారితో ఒకే జట్టులో ఆడినవారికి ఆ కులాల్లో స్నేహితులు పెరిగారు, బహుమతులకు ఎవరు అర్హులో ఓటు వేయవలసి వచ్చినప్పుడు తమ కులం వాడికే వేసే ధోరణి తగ్గింది. ఇతర కులాల వారితో ప్రత్యర్థులుగా తలపడినవారిలో మాత్రం ఇటువంటి మేలు కనబడలేదు సరికదా, ఫలితం తరచు వెనక్కే నడిచింది. ఆట అదే, మైదానం అదే. మారిందల్లా ఒకరి గెలుపు మరొకరికి గెలుపా, ఓటమా అన్నది మాత్రమే. గౌతమ్ రావు 2019లో ప్రచురించిన అధ్యయనం ఢిల్లీలోని ఖరీదైన ప్రైవేటు పాఠశాలల గురించినది. ప్రభుత్వం విధించిన నియమం వల్ల ఆ బడుల్లోకి పేదపిల్లలు వచ్చాక, వారితో ఒకే తరగతిలో చదివిన సంపన్నుల పిల్లల్లో ఉదారత పెరిగిందనీ, పరుగుపందెం జట్టుకు తోడును ఎంచుకునేటప్పుడు పేదపిల్లల పట్ల వివక్ష తగ్గిందనీ, చదువు మీద పడిన ప్రభావం స్వల్పమేననీ ఆ అధ్యయనం చెబుతుంది. ఈ రెండుచోట్లా కులం గురించి గానీ, పేదరికం గురించి గానీ ఎవరూ ఎవరికీ ఉపన్యాసం ఇవ్వలేదు. మారింది మనుషుల మధ్య ఉన్న ఏర్పాటు. అందువల్ల మాటల కంటే ముందు పని విభజనను చూడాలని, ఒకరి పదోన్నతి మరొకరి ఓటమిగా మారే ర్యాంకింగ్ పద్ధతి ఉన్న ఆఫీసులో ఎంత మంచి సంభాషణైనా ఎదురుగాలికి నడవవలసి వస్తుందని ఈ అధ్యయనాల నుంచి గ్రహించవచ్చు.

అయినా మాటకు ప్రయోజనం లేదనడం సరికాదు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో 1988లో మొదలైన సమూహాంతర సంవాద కార్యక్రమం ఇందుకు మంచి ఉదాహరణ. ఇరు సమూహాల నుంచి వీలైనంత వరకు సమాన సంఖ్యలో విద్యార్థులను తీసుకుని, ఒక్కొక్క సమూహం నుంచి ఒక్కొక్కరు చొప్పున ఇద్దరు నిర్వాహకులను నియమించి, వారాల తరబడి నడిపించే తరగతి అది. మొదటి సమావేశాల్లో వివాదాంశాల జోలికే వెళ్ళరు. ఎలా వినాలి, అభిప్రాయభేదం వచ్చినప్పుడు ఎలా మాట్లాడాలి అన్నవాటి మీద ఒప్పందం కుదుర్చుకుంటారు. ఆ తరువాతే తమ అనుభవాలను పంచుకోవడం, ఆ పైన మంటలు రేపే అంశాలను చర్చించడం, చివరగా కలిసి ఏదైనా చేయడానికి పూనుకోవడం జరుగుతుంది. పట్రీషియా గురిన్, బిరెన్ నగ్దా, షిమెనా జునీగా తొమ్మిది విశ్వవిద్యాలయాల్లో జరిపి 2013లో పుస్తకంగా ప్రచురించిన అధ్యయనం, ఇందులో పాల్గొన్నవారిలో ఎదుటి సమూహం పట్ల సానుభూతి, అసమానతలకు కారణాల గురించిన అవగాహన పెరిగాయని, ఏడాది తరువాత కూడా ఆ ప్రభావం నిలిచిందని చూపింది. డేవిడ్ బ్రూక్‌మన్, జాషువా కల్లా 2016లో ప్రచురించిన ప్రయోగంలో మయామీ నగర ఓటర్ల ఇళ్ళకు వెళ్ళి, ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల గురించి సుమారు పది నిమిషాల పాటు, తప్పుపట్టకుండా, ఓటరు తనకు ఎదురైన అవమానాన్ని తానే గుర్తుచేసుకునేలా సాగించిన మాటలు మూడు నెలల దాకా నిలిచే మార్పు తెచ్చాయి. ఈ రెండింటిలోనూ మాట్లాడేవారి భద్రతను నిర్వాహకులు ముందే ఆలోచించి పెట్టారు. సోమవారం ఉదయం మేనేజరు హఠాత్తుగా అందరినీ కూర్చోబెట్టి ‘ఇక్కడ ఎవరికైనా ఇబ్బందులున్నాయా, ఉంటే మొహమాటపడకుండా చెప్పండి’ అనడానికీ దీనికీ పోలికే లేదు.

ఒక సంస్థ చెప్పే మాటకు, అది చేసే ఏర్పాటుకు మధ్య ఉన్న సంబంధాన్ని అన్నిటికంటే స్పష్టంగా చూపినది గ్రెగరీ వాల్టన్ పరిశోధన. ఆయన, జెఫ్రీ కోహెన్ 2011లో ప్రచురించిన వ్యాసం ప్రకారం, కళాశాలలో చేరిన కొత్తలో ఇక్కడ మనకు చోటు లేదేమోనన్న బెంగ అందరికీ కలుగుతుందని, కాలక్రమేణా అది తగ్గుతుందని తెలియజెప్పే గంటసేపటి అభ్యాసం నల్లజాతి విద్యార్థుల మార్కులను మూడేళ్ళ పాటు మెరుగుపరిచి, శ్వేతజాతి విద్యార్థులతో వారికి ఉన్న అంతరాన్ని సగానికి తగ్గించింది. ఇంత చిన్న ప్రయత్నానికి అంత పెద్ద ఫలితం రావడం చాలామందికి ఆశ్చర్యం, కొందరికి అనుమానం కలిగించింది. అదే పద్ధతిని 22 విద్యాసంస్థల్లో 26,911 మంది విద్యార్థులతో పరీక్షించి 2023లో ప్రచురించిన అధ్యయనంలో, ఆ సమూహం వారికి నిజంగా చోటు దొరికే అవకాశాలున్న కళాశాలల్లో మాత్రమే ఆ మాట పనిచేసిందని తేలింది. అవకాశం లేని చోట మీకు ఇక్కడ చోటుందని చెప్పడం విద్యార్థికి ఏ మేలూ చేయలేదు.

ఇక నాయకుల విషయం. తనకు కీడేమీ జరగదన్న నమ్మకంతో బృందంలో ఎవరైనా ప్రశ్న అడగగలగడాన్ని, తప్పు ఒప్పుకోగలగడాన్ని, పైవారితో విభేదించగలగడాన్ని ఎమీ ఎడ్మండ్‌సన్ మానసిక భద్రత అన్నారు. 1999లో ఒక తయారీ సంస్థలోని 51 బృందాలను పరిశీలించి, ఈ భద్రత ఉన్నచోట నేర్చుకోవడం, ఆ ద్వారా పనితీరు మెరుగ్గా ఉన్నాయని చూపారు. ఆమె, ఇంగ్రిడ్ నెంబార్డ్ కలిసి నవజాత శిశువుల అత్యవసర చికిత్సా విభాగాలు ఇరవై మూడింటిలో జరిపి 2006లో ప్రచురించిన అధ్యయనం ప్రస్తుత చర్చకు మరింత దగ్గరది. డాక్టర్లకు ఉన్నంత మానసిక భద్రత నర్సులకు లేదు, నర్సులకు ఉన్నంత శ్వాస చికిత్స చేసే సాంకేతిక సిబ్బందికి లేదు. అంటే భద్రత హోదాను బట్టి మెట్లుమెట్లుగా పంపిణీ అయింది. అయితే విభాగాధిపతి కింది సిబ్బంది మాటను అడిగి తెలుసుకుని, చెప్పినందుకు అభినందించిన చోట్ల ఆ మెట్ల మధ్య ఎత్తు తగ్గింది. ఫ్రాన్సెస్ మిలికెన్, ఆమె సహచరులు 2003లో ప్రచురించిన అధ్యయనం కోసం 40 మంది ఉద్యోగులతో మాట్లాడినప్పుడు, పైఅధికారికి ఒక విషయం చెప్పలేక ఊరుకున్న సందర్భం కనీసం ఒక్కటైనా ఉందని 85 శాతం మంది చెప్పారు; చెబితే చెడ్డపేరు వస్తుందన్న భయం అందుకు ముఖ్యమైన కారణాల్లో ఒకటి. నాయకుడు తలుపు తెరిచి ఉంచానని అనుకుంటాడు. తలుపు దాకా నడిచి వచ్చే ధైర్యం ఎదుటివాడికి ఉందో లేదో చూడడు.

నాయకులందరికీ నోరు విప్పే ధైర్యం ఒకే ధరకు దొరకదని డేవిడ్ హెక్‌మన్, ఆయన సహచరులు 2017లో చూపారు. వైవిధ్యానికి విలువనిస్తూ మాట్లాడే, వ్యవహరించే మహిళా అధికారులకు, శ్వేతజాతికి చెందని అధికారులకు పనితీరు అంచనాలో మార్కులు తగ్గాయి. అదే పని చేసిన శ్వేతజాతి పురుష అధికారులకు ఆ నష్టం లేదు. దీని పర్యవసానం తీవ్రమైనది. సంస్థలో వివక్ష గురించి మాట్లాడే బాధ్యతను అక్కడున్న ఒక్క దళిత అధికారికో, ఒక్క మహిళా డైరెక్టరుకో అప్పగించి, వారే ఆ విషయం బాగా చెప్పగలరని తక్కినవారు సంతృప్తిపడటం ఎక్కువ మూల్యం చెల్లించవలసిన వారి మీదకే బిల్లును నెట్టడం అవుతుంది. ఆధిపత్య సమూహం నుంచి వచ్చిన నాయకుడు తన కులం తనకు ఏమేమి తెచ్చిపెట్టిందో, ఏ పరిచయం వల్ల మొదటి ఉద్యోగం దొరికిందో, తాతల నాటి ఏ భూమి వల్ల పట్నంలో చదువు సాగిందో చెప్పడం అతనికి పెద్ద ప్రమాదమేమీ కాదు. అయినా ఆ మాట మన కార్యాలయాల్లో వినబడటం చాలా అరుదు.

సంభాషణ సంస్థ చేసే పనినే మార్చగలదని చూపిన ఉదాహరణ రాబిన్ ఎలీ, డేవిడ్ థామస్ 1996లో రాసిన వ్యాసంలో ఉంది. మహిళల హక్కుల కోసం వాదించే ఒక చిన్న న్యాయవాద సంస్థలో అందరూ శ్వేతజాతి వారే ఉండేవారు. ఒక హిస్పానిక్ మహిళా న్యాయవాదిని నియమించుకున్నాక, మహిళల సమస్యలంటే ఏమిటన్న అవగాహనే ఆ సంస్థలో మారింది. పనిచేసే చోట ఇంగ్లీషు తప్ప మరో భాష మాట్లాడకూడదన్న నిబంధనలను సవాలు చేసే కేసులను కూడా వారు చేపట్టారు. వలస వచ్చిన స్త్రీలకు అది హక్కుల సమస్యేనని అంతవరకు వారికి తట్టలేదు. భేదాన్ని కేవలం న్యాయం కోసం, లేదా కొత్త ఖాతాదారుల కోసం వాడుకునే సంస్థలను, దాని నుంచి నేర్చుకునే సంస్థలను ఎలీ, థామస్ వేరువేరుగా చూశారు. ఈ విభజన ఇప్పటికీ ఈ సాహిత్యంలోని అన్ని నమూనాల కంటే పనికివచ్చేదే.

నిజం మాట్లాడమని పిలిచి, నిజం చెప్పబోగానే తలుపు మూసిన సందర్భాలు కూడా చరిత్రలో ఉన్నాయి. లాహోరులోని జాత్ పాత్ తోడక్ మండల్ 1936లో తన వార్షిక సభకు అధ్యక్షత వహించమని డాక్టర్ అంబేడ్కర్‌ను ఆహ్వానించి, ఆయన సిద్ధం చేసిన ప్రసంగ పాఠం చూశాక అందులోని కొన్ని భాగాలకు అభ్యంతరం చెప్పి, చివరకు సభనే రద్దు చేసింది. ఆయన ఆ ప్రసంగాన్ని తన ఖర్చుతో ‘కుల నిర్మూలన’గా అచ్చువేయించారు. ఆహ్వానించినవారు కులానికి వ్యతిరేకులే, సంస్కర్తలే. తమకు నచ్చే మేరకు మాత్రమే నిజం కావాలనుకున్నారు. 2022లో కుల వివక్ష గురించి గూగుల్ సంస్థలో దళిత హక్కుల కార్యకర్త తేన్‌మొళి సౌందరరాజన్ ఇవ్వవలసిన ప్రసంగం కొందరు ఉద్యోగుల అభ్యంతరాల తరువాత రద్దయింది. ఆ మరుసటి ఏడాది ఫిబ్రవరిలో సియాటిల్ నగర మండలి కులాన్ని వివక్ష నిషేధ జాబితాలో చేర్చింది. అదే ఏడాది అక్టోబరులో కాలిఫోర్నియా గవర్నరు అటువంటి బిల్లునే తిరస్కరించారు. అమెరికా సాంకేతిక సంస్థల్లో తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉన్నందున ఈ పరిణామాలు తెలుగు సమాజానికి దూరపు వార్తలు కావు.

సంభాషణను తప్పనిసరి శిక్షణగా మార్చితే ఏమవుతుందో ఫ్రాంక్ డాబిన్, అలెగ్జాండ్రా కలెవ్ చేసిన కృషి చెబుతుంది. 708 ప్రైవేటు సంస్థల మూడు దశాబ్దాల సమాచారంతో 2006లో వెలువడిన వ్యాసంలో, శిక్షణ తరగతుల వల్ల మేనేజర్ల స్థానాల్లో వైవిధ్యం పెరిగిన దాఖలాలు బలహీనంగా ఉన్నాయనీ, దీనికి బాధ్యులుగా నిర్దిష్టమైన అధికారిని, కమిటీని నియమించిన చోట ఎక్కువ ఫలితం ఉందనీ వారు తేల్చారు. శిక్షణను తప్పనిసరి చేసిన సంస్థల్లో ఐదేళ్ళ తరువాత నల్లజాతి మహిళా మేనేజర్ల వాటా సగటున 9 శాతం తగ్గిందని 2016లో రాశారు. భారతదేశంలో లైంగిక వేధింపుల విషయంలో జరిగిన మార్పు ఈ నిర్ధారణకు అనుగుణంగానే ఉంది. 1997లో విశాఖ కేసు తీర్పు, 2013లో చట్టం వచ్చి, పదిమంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థలోనూ అంతర్గత కమిటీ ఉండాలన్న నియమం ఏర్పడ్డాకనే, ఆ మాట పెదవి దాటించడానికి స్త్రీలకు ఒక చోటంటూ దొరికింది. చాలాచోట్ల ఆ కమిటీలు కాగితానికే పరిమితమైన మాట నిజమే. కానీ కులం విషయంలో ప్రైవేటు సంస్థలకు ఆ కాగితం కూడా లేదు.

విశ్వవిద్యాలయాల్లో కాగితం ఉంది. కుల వివక్షను అరికట్టడానికి సమాన అవకాశాల విభాగాన్ని, వివక్ష నిరోధక అధికారిని నియమించాలన్న యూజీసీ నిబంధనలు 2012లోనే వచ్చాయి. 2016 జనవరిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో హాస్టల్ నుంచి బహిష్కరణకు గురైన ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులు క్యాంపస్‌లోనే ఆరుబయట నివాసం ఏర్పరచుకుని, దానికి వెలివాడ అని పేరుపెట్టారు. ఆ నెల 17న వారిలో ఒకరైన రోహిత్ వేముల ప్రాణాలు తీసుకున్నారు. ఆ వెలివాడ కంటే నిజాయితీ గల సంభాషణ ఏ విశ్వవిద్యాలయంలోనూ జరిగి ఉండదు. దాన్ని వినవలసిన అధికారం వినలేదు.

తానుగా ఉండగలగడం అన్న ఆదర్శం మీద కూడా విమర్శలున్నాయి. హెర్మీనియా ఇబార్రా 2015లో రాసిన వ్యాసంలో, ‘నేను ఇంతే’ అన్న పట్టుదల నాయకులకు ఎదగకుండా ఉండటానికి ఒక సాకు కాగలదని, కొత్త బాధ్యతలో కొంతకాలం ఇబ్బందిగా అనిపించడం సహజమేనని హెచ్చరించారు. ఆ హెచ్చరిక నాయకులకు వర్తిస్తుంది; వివక్షకు గురయ్యేవారి పరిస్థితి వేరు. వారికి తాముగా ఉండటం వ్యక్తిగత స్వభావానికి సంబంధించినది కాదని, అది సామూహికంగా సాధించుకోవలసినదని తెలుగు నేల చెప్పిన పాఠం ఒకటుంది. 1994 జూలైలో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన మాదిగ దండోరా ఉద్యమంలో, అంతకు ముందు తిట్టుగా మాత్రమే వినబడిన కులం పేరును వేలమంది తమ పేర్ల చివర తామే చేర్చుకున్నారు. ఏ నాయకుడూ వారిని మీ గురించి చెప్పుకోండని సభ పెట్టి పిలవలేదు. ఒక్కొక్కరుగా చెప్పుకుంటే అవమానమైనది, అందరూ కలిసి చెప్పుకున్నప్పుడు హక్కు అయింది. ఆ ఉద్యమం కోరిన షెడ్యూల్డు కులాల వర్గీకరణను రాష్ట్రాలు చేసుకోవచ్చని సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న తీర్పు చెప్పేదాకా పోరాటం సాగింది. ఒకరు నోరు విప్పాక వెంట మరికొందరు నిలబడతారన్న నమ్మకం ఉంటేనే మొదటివారు నోరు విప్పుతారు. అందుకే ఉద్యోగుల సంఘాలను అనుమానంతో చూసే యాజమాన్యాలు నిజాయితీని గురించి మాట్లాడటంలో అర్థం లేదు.

ఈ సాహిత్యాన్ని ఆచరణకు తెస్తే నాయకులకు దక్కే సూచనలు కొన్నే, కానీ అవి కష్టమైనవి. ఎవరి కులాన్నీ, మతాన్నీ, వైకల్యాన్నీ అడగకూడదు. చెప్పదలచినవారికి చెప్పే చోటు మాత్రం ఉండాలి. మొదట మాట్లాడవలసింది పైస్థానంలో ఉన్నవారే, అదీ తమకు దక్కిన సౌకర్యాల గురించి. సంభాషణకు ముందే, అందులో తేలే ఏ అంశాలను మార్చే అధికారం తమకు ఉందో, ఏవి తమ చేతిలో లేవో స్పష్టంగా చెప్పాలి. ఫిర్యాదును, సంభాషణను ఒకటిగా కలపకూడదు. వేధింపునకు గురైన మనిషిని వేధించినవారి ఎదుట కూర్చోబెట్టి మనసు విప్పమనడం సయోధ్య కాదు, మరొక వేధింపు. ఇంటర్వ్యూలో కుటుంబ నేపథ్యం గురించిన ప్రశ్నను తీసేయడం, పదోన్నతి నిర్ణయాలకు కారణాలు రాతపూర్వకంగా ఇవ్వడం, క్యాంటీన్‌లో ఏ తిండికీ వేరే గది పెట్టకపోవడం వంటి చిన్న మార్పులు ఎన్నో సభల కంటే ఎక్కువ చెబుతాయి.

ఇంతవరకు జరిగిన పరిశోధనలో ఒక లోటు మిగిలిన అన్నింటికంటే పెద్దది. ఇందులో అధిక భాగం అమెరికా విశ్వవిద్యాలయాల నుంచి, పెద్ద కంపెనీల శాశ్వత ఉద్యోగుల నుంచి సేకరించినది. హైదరాబాద్‌లోని ఏ ఐటీ కార్యాలయం అంతస్తు చూసినా, ఏ విశ్వవిద్యాలయం హాస్టల్ చూసినా, అక్కడ ప్రతిరోజూ కనిపించే మనుషుల్లో గణనీయమైన భాగం అవుట్‌సోర్సింగ్ కాంట్రాక్టరు కింద పనిచేసే హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ, క్యాంటీన్ సిబ్బంది. మరుగుదొడ్లు శుభ్రం చేసేవారిలో దళితుల సంఖ్య ఎందుకు అంత ఎక్కువో అందరికీ తెలుసు. వారి హాజరు పట్టీ వేరు, జీతం ఇచ్చేవారు వేరు, సంస్థ సర్వేలో వారి పేరు లేదు, సంస్థ జరిపే సమావేశంలో వారికి కుర్చీ లేదు. సమావేశం ముగిశాక ఆ కుర్చీలు సర్దేది మాత్రం వారే. సంస్థ అంటే ఎవరెవరన్న లెక్కలోకి వారు రానంతకాలం, మనదన్న భావం గురించి జరిగే అధ్యయనాలన్నీ సంస్థలో సగం మందిని మాత్రమే కొలుస్తున్నాయని చెప్పక తప్పదు. వారిని చేర్చుకునే మొదటి అడుగు కూడా సంభాషణ కాదు, వారి కాంట్రాక్టులో సంస్థ తానే నేరుగా యజమానిగా సంతకం చేయడం.